పై చెక్కలో మేకు

"ఆపు! దింపు! మళ్ళీ మేకు!"

బోర్డుల ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆ అమ్మాయి అరిస్తే లారీ ఇంజన్లు కూడా గతుక్కుమనేవి.

పడగొట్టిన భవనాల తలుపులు, కిటికీలు, కొత్త భవనాల్లో వాడి పారేసిన సెంట్రింగు చెక్కలు అన్నీ అక్కడికి చేరేవి. లోపల మిషన్ వాటిని తురుముతుంది. ఆ తురుము బోర్డవుతుంది, ఆ బోర్డు ఇంకో ఇంట్లో అల్మరా అవుతుంది. చెక్కకి పునర్జన్మ! అందులో ఒక్క మేకు మిగిలినా బ్లేడు విరిగి మిషన్‌కి గండం. అందుకే గేటు దగ్గర మెటల్ డిటెక్టర్ పట్టుకుని మేడమ్ కాపలా.

ఆమె ముందు చేతులు కట్టుకుని నిలబడ్డవాడు పాత చెక్కల యార్డు కుర్రాడు. జేబులోంచి ఎప్పుడూ తొంగిచూసే పనిముట్టు పేరే అతని పేరైపోయింది. పట్టకారు.

"ఏమయ్యా, పట్టకారు పెట్టుకుని కూడా దీన్ని పట్టలేకపోయావా?"

"పట్టు చిక్కలేదు మేడమ్."

"ఇదేంటి?"

"మేకు."

"అది తెలుసు. ఎందుకుంది?"

"మేకు, మీకు... రెండూ నాకు ఒకేలా వినిపిస్తాయి మేడమ్."

నవ్వు కనపడకుండా ఆమె డిటెక్టర్ వైపు తిరిగింది. అది కీచుమంది.

మేకు దొరికితే లోడంతా దింపాలి, వెతకాలి, మళ్ళీ ఎక్కించాలి. గంట పని. ఆ గంట కోసమే పట్టకారు యార్డులో మేకులన్నీ పీకి ఒక్కటి మాత్రం ఉంచేవాడు. అదీ ఎక్కడో అడుగున కాదు, అన్నిటికంటే పై చెక్కలో, ఆమెకి తప్పకుండా దొరికేలా. కొందరు ప్రేమలేఖ పంపుతారు, వీడు లోడు పంపేవాడు. వాళ్ళిద్దర్నీ అలా కలప కలిపింది.

ఓ వాన రోజు ఇద్దరూ గేటు రేకు కింద నిలబడ్డారు.

"ప్రతిసారీ పై చెక్కలోనే దొరుకుతోంది. కావాలనే కదూ?"

"కావాలనే. మీరు కావాలనే."

ఆమె వాన వైపు తిరిగింది. తర్వాత మెల్లగా అంది. "లోపల మిషన్ నడిపేది మా నాన్న."

అతని మొహంలో నవ్వు తడిసిపోయింది. "తెలీదు మేడమ్."

"ఇక వద్దు. మేకు లేకుండా రా. నాన్నతో నేనే మాట్లాడతాను. ఈ మేడమ్ అనే పిలుపు కూడా ఇక వద్దు."

"ఒట్టు! ఒక్కటుంటే నన్నడుగు."

అబద్ధపు ఒట్టు కాదు. అయితే మర్నాటి లోడు ఆ ఉదయమే కట్టి సిద్ధంగా ఉంది, పై చెక్కలో ఎప్పటిలాగే ఒకటి ఉంచి. గాల్లో తేలుతూ ఇంటికెళ్ళినవాడికి నేల మీది లోడు గుర్తురాలేదు.

మర్నాడు లారీ రాగానే ఆమె డిటెక్టర్ బల్ల మీద పెట్టేసింది.

"చూడవా?"

"మాటిచ్చావుగా. నీ మాట కంటే ఇదెక్కువా?"

లారీ లోపలికి వెళ్ళింది.

"సాయంత్రం ఇంటికి రా. నాన్నకి చెప్పేశాను. 'చెక్కలా ఉంటాడా, చక్కగా ఉంటాడా' అని ఒకటే నవ్వు."

అతనూ నవ్వబోయాడు. సగంలో ఆగిపోయాడు. లోడు కట్టిన తాళ్ళు గుర్తొచ్చాయి. తాళ్ళ కింది చెక్క గుర్తొచ్చింది.

"ఆపండి!" అంటూ పరుగెత్తాడు. ఇంకా సగం దూరం ఉండగానే లోపల ఏదో ఫెళ్ళున విరిగింది.

బ్లేడు ముక్క ఆమె నాన్న కుడికన్ను పట్టుకుపోయింది.

ఆస్పత్రిలో మంచం పక్కన నిలబడి పట్టకారు ఒక్క ముక్క దాచకుండా చెప్పాడు. కంటికి కట్టుతో పెద్దాయన అతని వైపు తల తిప్పాడు.

"నీ లారీ వచ్చిన రోజు మా అమ్మాయి ఇంట్లో పాటలు పాడేదిరా" అన్నాడు. "తప్పు చేశావు. వచ్చి చెప్పుకున్నావు కూడా. దాన్ని బాగా చూసుకో. నేనిక సగమే చూసుకోగలను."

పట్టకారు కళ్ళు తుడుచుకుంటూ వరండాలోకి వచ్చాడు. ఆమె బెంచీ మీద కూర్చుని ఉంది.

"నాన్నగారు ఒప్పుకున్నారు."

"విన్నాను."

"తిట్టు. కొట్టు. ఎన్నేళ్ళయినా ఆగుతాను."

"నీ మీద కోపం లేదు" అంది ఆమె. "నువ్వు మర్చిపోయావు. నేను మర్చిపోలేదు. చూడాలని తెలిసీ చూడలేదు. చూస్తే నువ్వు చిన్నబుచ్చుకుంటావని."

"నమ్మావు. అది తప్పా?"

"తెలీదు. నిన్ను చూస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. నవ్వగానే ఆ చప్పుడు వినిపిస్తుంది. రోజూ ఆ రెండిటితో కాపురం చేయలేను."



"ఏమ్మా, ఇద్దరూ రండి!" లోపల్నుంచి పెద్దాయన కేకేశాడు.

ఆమె లేచి, చెంపలు తుడుచుకుని, తలుపు దగ్గర ఆగింది.

"నేనొక్కదాన్నే వెళ్తాను. నీకేదో పనుందని చెప్తాను."

"నాకేం పని?"

"వెళ్ళిపోవడం."