కప్ప చెవిలో కరెంటు

“సంబరం ఆపండి. అది మీ కణం ఇచ్చిన సిగ్నల్ కాదు. నా మెషిన్ ఇచ్చింది.”

పరిశోధకురాలి చేతిలోని బిస్కెట్ నోటిదాకా వెళ్లి ఆగిపోయింది.

గుమ్మంలో నిలబడ్డవాడు కింది అంతస్తు వర్క్‌షాప్ ఇంజనీరు. ఆమె పరికరాన్ని అమర్చింది అతనే. ల్యాబ్ మొత్తానికి అతను ‘స్క్రూ’.

మైక్రోస్కోపు కింద కప్ప చెవిలోంచి తీసిన ఒకే ఒక్క కణం. దాని తలమీద సన్నని వెంట్రుకలు. శబ్దానికి అవి వంగితే చిన్న ద్వారాలు తెరుచుకుని కరెంటు పుడుతుంది. కదలిక కరెంటుగా మారే ఆ పనినే ట్రాన్స్‌డక్షన్ అంటారు. అది జరగకపోతే పక్కవాళ్ల పిలుపు కూడా మనకు వినబడదు. స్క్రూ అమర్చిన పియెజో స్ఫటికం దీనికి తలకిందులు. కరెంటిస్తే కదులుతుంది, గాజుపుల్లతో ఆ వెంట్రుకల్ని తోస్తుంది.

మధ్యాహ్నం ప్రొఫెసర్ వస్తున్నారు. సిగ్నల్ నిజమైతే ఆమె పరిశోధన సాగుతుంది. కాకపోతే ఈ బల్లతో సహా అన్నీ పక్క టీమ్‌కి పోతాయి.

“కుళ్లా?” అందామె.

“కుళ్లుకునేంత తీరిక లేదండీ. పుల్లని గట్టిగా తోయించండి.”

తోయించింది. స్క్రీన్ మీద గీత పెరిగింది. ఇంకా గట్టిగా. ఇంకా పెరిగింది.

“ద్వారాలన్నీ తెరుచుకున్నాక గీత ఆగాలిగా? ఇది ఆగితేగా!”

ఆమె ముఖం మాడిపోయింది. అతనన్నది నిజం.

“అయితే మొత్తం మీ మెషినేనా?”

“మొత్తం. రాసిస్తా.”

“రాయక్కర్లేదు. ఓడితే ఏం చేస్తారు?”

“మీరేం చెబితే అది.”

ఆమె ద్వారాల్ని మూసేసే మందు తీసి కణం మీద చుక్కలుగా వదిలింది.

గీత పడింది. సగానికి వచ్చి ఆగింది.

“చూశారా? పడిన సగం నా కణానిది. మిగిలింది మీ సొత్తు!”

స్క్రూ స్క్రీన్ మీదికి వంగాడు. “నా సగం ఎక్కణ్ణుంచి వస్తోంది మరి?”

ఆమె అప్పటికే బల్ల కిందికి దూరింది. “ఈ రెండు వైర్లనీ కలిపి కట్టిన మహానుభావుడెవరు?”

పియెజోకి వెళ్లే వైరూ, కణం నుంచి వచ్చే వైరూ ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఉన్నాయి. ఒకదాని కరెంటు రెండోదాన్లోకి పాకుతోంది.

“చూడ్డానికి నీట్‌గా ఉంటుందనీ...”

“నీట్‌గా నా కొంప ముంచారు. కత్తెర!”

కట్టు తెగింది. వైర్లు బల్లకి చెరో వైపూ వెళ్లాయి. మందుని కడిగేసే ద్రావణం వదిలి ఇద్దరూ స్క్రీన్ ముందు నిలబడ్డారు. కిటికీ అద్దం మీద వాన దరువేస్తోంది. గీత నేలబారుగా ఉంది.

గీత లేచింది.

గట్టిగా తోయించింది. పెరిగింది. ఇంకా గట్టిగా తోయించింది. కదల్లేదు!

“ఆగింది! ఆగిందండీ!” ముందు అరిచింది అతనే. గెలిచింది ఆమె అయితే గంతులు అతనివి.

ప్రొఫెసర్ వచ్చారు. నమ్మకుండా తనే తోయించి చూశారు. మందు వేయించారు, కడిగించారు. చివరికి కళ్లద్దాలు తీశారు.

“ఈ బల్ల కావాలని ఎవరైనా వస్తే నా దగ్గరికి పంపమ్మా. నేను మాట్లాడతా.”

ఆయన వెళ్లగానే ఆమె చేతులు కట్టుకుంది. “ఓడారు. ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పండి చాలు. పొద్దున్నే పైకెందుకొచ్చారు? ఎవరూ పిలవలేదే?”

“రోజూ వస్తున్నా కదా. మెషిన్ బాగానే ఉంటుందని తెలిసే వస్తున్నా.” అతను నేలచూపులు చూశాడు. “మీతో నాలుగు చీవాట్లు తినకపోతే ఆ రోజు నాకు పని సాగట్లేదు.”

“ఇంత కరెంటు లోపల దాచుకుని, ఒక్క మాటగా మారడానికి ఇన్నాళ్లా?”

“మారింది. మీరంటే నాకు చాలా ఇష్టం.”

ఆమె నోరు తెరిచేలోగా ఫోన్ మోగింది. అమ్మ. కంగారులో వేలు స్పీకర్ మీద పడింది.

“అమ్మా! సిగ్నల్ వచ్చింది!”

“నా తల్లే! ఆ స్క్రూ గాడేం చేశాడీవేళ? వాణ్ణి తిట్టందే నీకు ముద్ద దిగదు కదా. నేనేం వెర్రిదాన్ననుకున్నావా? ఆదివారం భోజనానికి తీసుకురా, చూస్తాను.”

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. స్పీకర్ ఆపబోయింది.

“తప్పకుండా వస్తానత్తయ్యగారూ!” అన్నాడతను.

ఫోన్‌లోంచి వినిపించిన నవ్వుకి ల్యాబ్‌లో అందరూ తలలు తిప్పి చూశారు.