ముక్కుగీతల పుస్తకం

ఉడికించిన బంగాళాదుంపలు, చిక్కుడుగింజల డబ్బా, వానకోటు. కంటెంగ్వా సంచిని మోకాలితో అదిమి సర్దుతోంది.

"నా సంచిలోంచి ఆ ఎర్ర స్వెట్టర్ తీసెయ్. బరువు," అన్నాడు సెమాన గుమ్మంలోంచి.

"గొర్రె ఉన్నే పెట్టాను, గొర్రెను కాదు."

"ఆ రంగు చూసి గొరిల్లాలు నవ్వుతాయి."

"నిన్ను చూసి నవ్వడానికి వాటికి స్వెట్టర్ దేనికి?"

పొయ్యి దగ్గర జొన్నలు నానబోస్తున్న అమ్మ నవ్వింది. అడవి అంచున ఆఖరి ఇల్లు వాళ్లది. అగ్నిపర్వతాలెక్కేవాళ్లకు దుంపలు ఉడికేది ఆ పొయ్యిమీదే.

సెమాన పార్కులో గొరిల్లాల జాడ తీస్తాడు. ఏ రెండు గొరిల్లాల ముక్కుమీది ముడతలూ ఒకలా ఉండవు. అందుకే జాడ తీసేవాళ్లు ఒక పుస్తకం ఉంచుకుంటారు. పేజీకో కుటుంబం. పైన తండ్రి ముక్కు, తల్లి ముక్కు, కింద పిల్లలవి.

కిందటివారం తడిసిన ఆ పుస్తకాన్ని పొయ్యి దగ్గర ఆరబెడుతుంటే, కొత్త పేజీలో ఒక ముక్కు కనిపించింది కంటెంగ్వాకి. సన్నగా, నిటారుగా, ఎడమపక్క చిన్న మచ్చతో. చిన్నప్పుడు తను కిందపడితే అయిన మచ్చే.

"ఇదెవరిది?"

"కొత్తది. కోపం ఎక్కువ. దగ్గరికెళితే దుంపలు విసురుతుంది."

ఆమె దుంప విసిరింది. అతను పట్టుకుని తినేశాడు. తర్వాత నవ్వు మానేసి, "పక్కన ఖాళీ ఉంచాను కంటెంగ్వా. ఏమంటావు?" అన్నాడు.

ఆరోజు ఆమె ఇంకో దుంప విసిరింది. ఇవాళ ఇద్దరు యాత్రికుల్ని కరిసింబి అగ్నిపర్వతం పైకి తీసుకెళ్తూ మళ్లీ అడిగాడు.

"ఇప్పుడైనా చెబుతావా?"

"ముందు వెళ్లిరా."

జవాబు అప్పటికే సంచిలో ఉంది. ఖాళీ చోట బొగ్గుతో అతని వెడల్పాటి ముక్కు గీసి, పుస్తకాన్ని స్వెట్టర్ మడతలో పెట్టింది. చలేసి స్వెట్టర్ తీస్తే చూస్తాడు. తీస్తేనే.

అతను వెళ్లాక, "ఇన్ని జొన్నలెందుకమ్మా?" అంది.

"సారాకి. నిన్నడగడానికి కన్యాశుల్కంగా ఆవును తోలుకుని సెమాన వాళ్ల నాన్న వస్తే మంచినీళ్లిచ్చి పంపుతామా?"

మర్నాడు మధ్యాహ్నం కొండమీద వడగళ్లు పడ్డాయి. ఇంటి రేకులు దద్దరిల్లాయి. పైన ఎంత చలో ఆ ఊళ్లో అందరికీ తెలుసు.

"అమ్మా, స్వెట్టర్ పెట్టాను కదా?"

"పెట్టావే. నాలుగోసారి అడిగావు."

మూడోరోజు పొద్దున్న మంచులో, వెదురు పొదల మధ్య ఎర్రరంగు కదిలింది. కంటెంగ్వా దుంపచాళ్లకు అడ్డంపడి పరుగెత్తింది. చెప్పాల్సిన మాట నోటిదాకా వచ్చేసింది.

దగ్గరికెళితే, ఆ స్వెట్టర్‌లో ఉన్నది పెదాలు పాలిపోయిన ఒక యాత్రికుడు. వెనక సెమాన సంచితో, బరువులు మోసే ముసలి ర్వబుటోగో.

"ఈయన చలికి బిగుసుకుపోతుంటే సెమానే తనది విప్పి తొడిగాడు తల్లీ. మమ్మల్ని గుడారం దాకా దించి, వెనకబడ్డ రెండో ఆయన కోసం మళ్లీ పైకెళ్లాడు."

"ఆ రెండో ఆయనేడీ?"

"ఆ రెండో ఆయన ఇంకో దారిన తనే దిగొచ్చేశాడు. ఆ సంగతి సెమానకు తెలియదుగా."

ఆమె సంచిలోంచి పుస్తకం తీసింది. బొగ్గుతో గీసిన ముక్కు కింద పెన్సిల్‌తో మూడో ముక్కు ఉంది. బొటనవేలి గోరంత. వెడల్పు అతనిది, నిటారు ఆమెది. పేరు రాయలేదు. పుట్టిన ఎనిమిదో రోజున కదా బిడ్డకు పేరు పెట్టేది.

"మొదటిరోజు సాయంత్రం స్వెట్టర్ తీసుకున్నాక, అదేదో గీసుకుంటూ ఒక్కడే నవ్వుకున్నాడు," అన్నాడు ముసలాయన. "పిచ్చెక్కిందా అన్నాను. అవును, ఒప్పుకుంది అన్నాడు."

తొమ్మిదిరోజులు వెతికారు. ఇంట్లో గంపలో జొన్నలు మొలకెత్తాయి. ఎవరూ సారా కాయలేదు.

కరిసింబి పైకి మళ్లీ ఎక్కిన సెమాన తిరిగి రాలేదు. అతను ఎక్కిన రోజు పంతొమ్మిది వందల ఎనభై ఆరు, నవంబరు పదమూడు, గురువారం.