గాజు మోసిన మాట

సముద్రం అడుగున నూకాలు పాచి పెంచే తాడుకు పట్టిన గవ్వలను కత్తితో గీకుతుండగా హెల్మెట్‌లో మేస్త్రీ గొంతు వినిపించింది.

"నూకాలు గారూ, కాస్త వేగం పెంచగలరా?"

ఎదురుగా కొండలరావు మేస్త్రీ వేలు చూపిస్తూ ఊగిపోతున్నాడు. అతనన్నది అది కాదని తెలుసుకోవడానికి పెద్ద తెలివేమీ అక్కర్లేదు. హెల్మెట్లలో మాటల్ని మర్యాదగా మార్చి వినిపించే మృదువాణి యంత్రాన్ని అమర్చినప్పటి నుంచి భీమిలి కడలితోటలో ఎవరూ ఎవరినీ తిట్టలేదు. యంత్రం రికార్డు ప్రకారం అంతే మరి.

పని మధ్యలోనే విచారణ మొదలైంది.

"మేస్త్రీ గారు బెదిరించారని అసిరి గారి ఫిర్యాదు," అంది మృదువాణి అందరి చెవుల్లో. "రికార్డులో అలాంటి మాట లేదు. సాక్షి లేకపోతే ఇది అబద్ధంగా నమోదవుతుంది. అసిరి గారి దిగుడు అనుమతి రద్దవుతుంది."

పక్క తాడు దగ్గర అసిరి కొయ్యబారిపోయింది. ఆ పిల్లకు ఈ పని తప్ప వేరే బతుకుతెరువు లేదు.

నూకాలు గీకడం ఆపి అసిరి వైపు చూసింది. మైకు కట్టేసి, హెల్మెట్‌కు హెల్మెట్ ఆనించి మాట్లాడుకోవడం ఇక్కడి కూలీల పాత అలవాటు. హెల్మెట్ గాజు మోసే మాట యంత్రానికి దొరకదు. పెళ్లి కబుర్లు, వెక్కిరింతలు అన్నీ అలాగే సాగేవి. మేస్త్రీ ఆ అలవాటునే వాడుకున్నాడు. మొన్న అసిరి గాలిగొట్టం చిక్కు తీస్తూ నూకాలు వెనకనుంచి ఆ పిల్ల హెల్మెట్‌కు తల ఆనించి ఉంది. ముందునుంచి మేస్త్రీ తల ఆనించి అసిరిని బెదిరించాడు. వెనక ఇంకో తల ఉందని, మాట అక్కడికీ చేరుతుందని చూసుకోలేదు.

ఆ మాట విన్నప్పటి నుంచి నూకాలుకు అన్నం సహించడం లేదు. నోరు విప్పితే తన అనుమతీ పోతుంది. భయమేసింది, చాలా భయమేసింది.

"మీ గుండె వేగం పెరిగింది. విశ్రాంతి తీసుకోండి," అంది మృదువాణి.

"నాకు ఇస్రాంతొద్దు. సాచ్చికం నాను సెప్తాను. 'కిమ్మన్నావంటే నీ గాలి కట్టీస్తాను, సస్తే పాచికి ఎరువవుతావు' అన్నాడు మేస్త్రీ. నా సెవులారా ఇన్నాను."

క్షణం తర్వాత అందరికీ నూకాలు గొంతే వినిపించింది: "అసిరి గారి గాలి సరఫరాపై మేస్త్రీ గారు ఎంతో శ్రద్ధ చూపారు."

"సాక్ష్యం నమోదైంది. ఫిర్యాదు ముగిస్తున్నాం," అంది మృదువాణి.

నూకాలుకు ఒళ్లు మండిపోయింది. కత్తి వదిలేసి, తోటి కూలీ పరదేశి దగ్గరికి ఈది, అతని హెల్మెట్‌కు తన హెల్మెట్ టక్కున ఆనించింది.

"బావా, ఆడన్నది ఇదీ, ఇను."

విన్నాడు. మొహం మారిపోయింది. తాడు వదిలి అవతలి మనిషికి తల ఆనించాడు. ఆ మనిషి ఇంకొకరికి. తోట పొడవునా గాజుకు గాజు తగిలిన చప్పుడు పాకింది.

"పని ఆగింది. కారణం చెప్పగలరా?" అని అడిగింది మృదువాణి.

చెబితే ఏమవుతుందో అందరూ ఇప్పుడే చూశారు.

నూకాలు అసిరిని దగ్గరికి లాక్కుని తల ఆనించింది.

"ఏడవకే గుంటా. అందరూ ఇన్నారు."

"నన్ను పంపీస్తారప్పా."

"పంపితే మనందరినీ పంపాల."

మేస్త్రీ చేతులు విసురుతూ అరుస్తున్నాడు.

"ప్రియమైన మిత్రులారా, దయచేసి పనికి రండి," అని వినిపించింది.

ఆ తియ్యటి మాట కింద ఏముందో ఇప్పుడు అందరికీ తెలుసు. ఎవరూ తాడు ముట్టుకోలేదు.