పెద్దాయన కోటు

మా బావ మళ్ళీ మనుషుల్లో పడ్డాడని నమ్మకం కుదిరాకే ఆ విందు పెట్టుకున్నాం.

బావంటే మా చెల్లెలి మొగుడు. అంతకుముందే నా చిన్ననాటి స్నేహితుడు. పెళ్ళికి ముందు ‘ఒరేయ్’, పెళ్ళయ్యాక ‘బావా’. పిలుపు మారింది గానీ తిట్లు తగ్గలేదు. మాంసం నిల్వచేసే కోల్డ్ స్టోరేజీలో కోత పని అతనిది. మొన్న చలికాలంలో ఒక శనివారం సాయంత్రం ఫ్రీజర్ గది తలుపు బిగుసుకుపోయి ఇద్దరు లోపల ఇరుక్కుపోయారు. ఒకడు మా బావ. రెండోవాడు అతనికి కత్తి పట్టడం నేర్పిన ముసలాయన. అక్కడ అందరూ ఆయన్ని పెద్దాయన అనేవారు. సోమవారం పొద్దున తలుపు తీసేసరికి పెద్దాయన కొయ్యబారిపోయి ఉన్నాడు. బావ ఊపిరి మాత్రం ఆడుతోంది.

మా చెల్లెలు నర్సు. కంటికి రెప్పలా కాచుకుని బతికించుకుంది. కానీ అతనికి ఉలుకూ పలుకూ లేదు. ఒకరోజు అది వేడినీళ్ళ సంచితో కాళ్ళకి కాపడం పెడుతుంటే, “ఒకే కూరని ఎన్నిసార్లు వేడిచేస్తావే, అడుగంటిపోతుంది” అన్నాడట. అది నవ్వలేక, ఏడవలేక నాకు ఫోన్ చేసింది.

“వాడికి జోకొచ్చిందంటే జబ్బు పోయినట్టే. బయటికి లాక్కెళ్దాం” అన్నాడు మాస్టారు. స్కూల్లో డ్రిల్లు చెప్పే ఆయన మా మూడో స్నేహితుడు. పెద్ద పెద్ద మాంసం ముక్కలు నిప్పులమీద కాల్చిపెట్టే స్టేక్‌హౌస్ పేరు చెప్పింది మాత్రం బావే.

మేం వెళ్ళేసరికి ఇంకా వెలుతురుంది. బయట వాన పట్టింది. మెట్లు దిగి వెళ్ళాలి. కప్పు తక్కువ ఎత్తులో ఉండి, చెక్క బల్లలతో, ఆ గది పెద్ద నేలమాళిగలా ఉంది. మధ్యలో బొగ్గుల పొయ్యి. కొవ్వు కరిగి నిప్పులమీద పడ్డప్పుడల్లా చుయ్యిమనేది. కాలిన మాంసం వాసన, పొగ వాసన, వాటి కింద పచ్చినెత్తురుది సన్నటి, ఇనుములాంటి వాసన. మూలబల్ల దొరికింది. గోడకి ఆనించిన సోఫాలో బావా, చెల్లెలూ. ఎదురుగా నేనూ, మాస్టారూ.

“ఎంతవరకు కాల్చమంటారు సార్?” అన్నాడు వెయిటర్.

“కాల్చొద్దు” అన్నాడు బావ.

“అది లేచి పారిపోతుందిరా బాబూ” అని మాస్టారు పగలబడి నవ్వాడు. బావ నవ్వలేదు. ప్లేట్లూ, కత్తులూ వచ్చాయి. మాకు ఆ పొయ్యి సెగకి చెమటలు కారుతున్నాయి. బావ మాట్లాడితే నోట్లోంచి తెల్లటి ఆవిరి వస్తోంది.

ముందు నేను చూశాను. తర్వాత చెల్లెలు చూసింది. మెల్లగా అతని చెయ్యి తాకి, గబుక్కున వెనక్కి తీసుకుంది.

“ఇంటికెళ్దాం పదండి” అంది.

“ఉండు. ఆయన తిననీ.”

“ఎవరు?”

బావ నావైపు వంగాడు. గొంతు బొంగురుగా ఉంది.

“కోటు ఇచ్చెయ్యమంటున్నాడు బావా.”

“ఎవర్రా?”

“పెద్దాయన. ఆయనకి ప్రాణం ఉండగానే ఒంటిమీది కోటు విప్పి తీసుకున్నాను. వద్దురా నాయనా అని రెండు చేతులా పట్టుకున్నాడు. వేళ్ళు విరిచి లాక్కున్నాను.”

మాస్టారి నవ్వు ఆగిపోయింది. నేను అన్నాను, “ఆ కోటు ఆస్పత్రిలోనే పారేశారు కదా.”

“అదే చెప్పాను” అన్నాడు బావ. “అయితే నీ ఒంటిమీద ఉన్నదే ఇవ్వు అన్నాడు.”

అప్పుడే కరెంటు పోయింది.

ఎవరో కెవ్వుమన్నారు, ఎవరో నవ్వారు. మా మూలకి నిప్పుల ఎరుపు అందడం లేదు. చీకట్లో ఒక్కటే చప్పుడు... రంపపు పళ్ళ కత్తి పింగాణీ ప్లేటుమీద గీరుతున్న చప్పుడు. గర్... గర్... కాసేపటికి ప్లేటు చప్పుడు ఆగింది. కొయ్యడం ఆగలేదు. తడిగుడ్డ మెల్లగా చించుతున్నట్టు...

“అన్నయ్యా” అంది చెల్లెలు గుసగుసగా. “నా ఒడిలో ఏదో వెచ్చగా కారుతోంది.”

నేను ఫోన్ లైటు వేశాను.

బావ ఎడమచేతికి మణికట్టు నుంచి మోచేతిదాకా తోలు లేదు. నేర్చిన చేత్తో, ఎక్కడా చిరగకుండా ఒలిచాడు. దాన్ని మడతపెట్టి పక్కనున్న ఖాళీ చోటుకి అందిస్తున్నాడు. అతని మొహంలో నొప్పి లేదు. భయం మాత్రమే ఉంది.

“ఇదిగో పెద్దాయనా... తీసుకో... ఇంక వెళ్ళు...”

నేను బల్ల మీంచి దూకి కత్తి ఉన్న చెయ్యి పట్టుకున్నాను. నెత్తురుకి పట్టు జారిపోయింది. కత్తి గిర్రున తిరిగి మాస్టారి చెంపని పెదవిదాకా చీల్చేసింది. అయినా ఆయన వదల్లేదు. రెండో చెయ్యి ఒడిసిపట్టాడు. బల్ల తిరగబడింది. బావ నా బొటనవేలు కొరికాడు. ఎముక పటుక్కుమన్న చప్పుడు నాకే వినిపించింది. నేను అతని తలని గోడకేసి కొట్టాను. నా స్నేహితుడి తల... మళ్ళీ కొట్టాను. కత్తి కిందపడింది. దానిమీద కాలేసి తొక్కిపట్టాను.

ఇద్దరం కలిసి సోఫాకేసి అదిమాం. బావ రెండు చేతులూ మా చేతుల్లో ఉన్నాయి. కత్తి నా బూటు కింద ఉంది.

“అయిపోయింది... అయిపోయింది చెల్లీ...” అంటున్నాను.

అప్పుడు చెల్లెలు అరిచింది.

అలాంటి అరుపు నేను మనిషి నోట వినలేదు. చెల్లెలు గోడకి వీపు ఆనించి కూచునే ఉంది. దాని వెనక చీమ దూరే సందు కూడా లేదు.

“నా వీపు... అన్నయ్యా, నా వీపు...”

బావ కళ్ళలోంచి నీళ్ళు కారాయి. “నాది చాలట్లేదట” అన్నాడు. అదే ఆఖరి మాట. అంబులెన్సు వచ్చేలోగా నెత్తురంతా పోయి, నా చేతుల్లోనే చల్లబడిపోయాడు.

చెల్లెలి మెడకింద జానెడు కోత పడింది. గీత గీసినట్టు తిన్నగా ఉంది. గాజుముక్క గీసుకుందని పోలీసులు రాసుకున్నారు. నేను కాదనలేదు. ఏమని చెప్పను? డాక్టర్ కుట్లు వేసి, వారంలో మానుతుందన్నాడు.

మర్నాడంతా దాని పక్కనే కూచున్నాను. నిద్రమందు ఇచ్చారు. బోర్లా పడుకుని పసిపిల్లలా నిద్రపోయింది. తలుపు నా కళ్ళముందే ఉంది. ఎవరూ రాలేదు.

సాయంత్రం ఒక నర్సు కట్టు మార్చడానికి వచ్చింది. దూది తీసి చూసి, అలాగే నిలబడిపోయింది.

“ఏమైందమ్మా?” అన్నాను.

ఆమె పక్కకి జరిగి చూపించింది.

కుట్లు వేసినవి వేసినట్టే ఉన్నాయి. కుట్లు ఆగిన చోటి నుంచి గీత కిందికి సాగింది. తిన్నగా, నడుముదాకా... రెండు అంచులూ కొద్దిగా పైకి లేచి ఉన్నాయి, ఎవరో లోపలికి వేళ్ళు దూర్చి చూసినట్టు.