గాజు బీరువాలో కరియమ్మ సీడీ

"నన్ను దొంగ అంటాండారమ్మా! సాయంత్రంలోపల సీడీ తెచ్చియ్యకపోతే పోలీసులకు పట్టిస్తారంట."

బళ్ళారి బజారులో ఇరవై ఏళ్ళు క్యాసెట్ల అంగడి నడిపిన హంపయ్య చెప్పులు విప్పడం కూడా మరచి గుమ్మంలో నిలబడ్డాడు.

ప్రైవేటు డిటెక్టివ్ పంకజాక్షి ఒకప్పుడు లెక్కల టీచరు. తెలివితక్కువతనాన్ని ముప్పై ఏళ్ళు దిద్దీ దిద్దీ ఆమెకు ఓపిక అడుగంటిపోయింది. అసిస్టెంటు శివన్నకు మాత్రం ఆమె తిట్టు కూడా ముద్దే.

"ఎవరి సీడీ?" అందామె.

"నా పెండ్లాం కరియమ్మదమ్మా. చోరనూరులో నాటకాల్లో పాడతాండె. ఎనిమిది పాటలు రికార్డు చేపించి, రెండొందల సీడీలు వేయిస్తి. ఎవురూ కొనలే, ఊరికే పంచితే యాడాడనో పారేసిరి. ఆమె పోయింది. మిగిలిన ఒక్కటీ గురునాథప్ప బీరువాలో భద్రంగా ఉంటాదని ఆయనకిస్తి."

"కాపీ పెట్టుకోలేదా?"

"కంప్యూటర్లో ఉండె. అది చెడిపోయింది. మళ్ళీ కాపీ తీసుకుంటానంటే బీరువాలోనిది ముట్టనియ్యలే. స్టేషన్‌కు పోతే పోతానమ్మా, ఆమె గొంతు ఇంక యాడా లేదు. అది దొరికితే చాలు."

గురునాథ్‌ది కురుగోడులో పత్తి పండించే ఇల్లు. ఇనుప గనుల జోరు రాగానే పొలం అమ్మి లారీలు కొన్నాడు, తారానగర్‌లో మూడంతస్తుల మేడ కట్టాడు. మేడ అన్నాక సంగీతం కూడా ఉండాలని ఎవరో చెప్పారు కాబోలు, హంపయ్య చేత వెయ్యి సీడీలు ఏరించి హాల్లో గాజు బీరువా నింపించాడు. అందరూ మెచ్చినవీ ఉన్నాయి, ఎవరికీ పట్టనివీ ఉన్నాయి. వినే పని మాత్రం ఆ ఇంట్లో ఎవరూ పెట్టుకోలేదు.

ఆ మేడ వాకిట్లో కొత్త లారీ ఆగి ఉంది. ఆయుధపూజ జరిగి తొమ్మిది రోజులైంది, లారీ రోజూ గనికి పోయి వస్తూనే ఉంది, అయినా సింగారం తీసే తీరిక ఎవరికీ లేదు. వాడిన అరటి పిలకలు, బంతిదండలు, బంపరు దగ్గర తాళ్ళకు వేలాడే తళుకు బిళ్ళలు, అన్నిటిమీదా ఎర్రదుమ్ము. హంపయ్య, శివన్నలతో వచ్చిన పంకజాక్షి ఒక్క క్షణం ఆగి చూసి లోపలికి నడిచింది.

"నిన్న బెంగళూరు నుంచి పాటల పిచ్చోడొకడు వచ్చినాడు టీచరమ్మా," అన్నాడు గురునాథ్. "వెయ్యి సీడీలుంటే కరియమ్మదొక్కటే అడిగినాడు. డబ్బా తెరిస్తే ఖాళీ! నా మానం పోయింది."

"బీరువాకు తాళం లేదా?"

"ఉండాది. పూజ రోజు పసుపు కుంకుమ పెట్టాలని తెరిచింటిమి. ఆ పొద్దు దాని దగ్గర నిలబడింది హంపయ్యే."

గురునాథ్ తమ్ముడు కేశవ గోళ్ళు గిల్లుకుంటూ అన్నాడు. "సుమ్నే, ఊరికే ఎందుకమ్మా విచారణ? పెండ్లాం సీడీ, ఆయప్పే తీసింటాడు."

"నువ్వు యాడుంటివప్పా?"

"లారీలు సింగారిస్తాంటి."

పంకజాక్షి ఖాళీ డబ్బా అందుకుంది. అట్ట మీద కరియమ్మ ఫోటో, లోపల పాటల పుస్తకం చెక్కుచెదరలేదు. మూత లోపలివైపు పసుపు వేలిముద్రలు రెండు. తర్వాత బీరువాలోని సీడీలను వరసగా తడిమి చూసింది. ఒక్కదానికీ ప్లాస్టిక్ కవరు చింపలేదు.

"వీటిని ఎప్పుడు వింటారు?"

"వింటే గీతలు పడతాయి గదమ్మా!"

"ఆహా, ఏం భద్రం!" అంది పంకజాక్షి. అందరినీ హాల్లో కూర్చోబెట్టింది.

"హంపయ్య తీసింటే పెండ్లాం ఫోటో వదిలి పోతాడా? పాటలు కావాల్సినోడు పాటల పుస్తకం వదలడు. అంటే ఈ దొంగకు పాట అక్కర్లేదు, మెరిసే బిళ్ళ కావాలి. మరి వెయ్యింటిలో ఇదే ఎందుకు? కవరు విప్పి ఉన్నది ఇదొక్కటే. ఇంకోదాని కవరు చింపడానికి కూడా ఒళ్ళు వంగని సోమరి. చేతికి పసుపుంది కాబట్టి పూజ రోజే. ఆ రోజు మెరిసే బిళ్ళతో పని ఎవరికి? శివన్నా, లారీకి కట్టినవి విప్పుకొని రా."

కేశవ తల దించుకున్నాడు. "ఒక పక్క బిళ్ళ ఉండె, ఇంకో పక్క బోసిగా కనపడె. దిష్టి తగలకుండా కడితి. నిన్న అన్న కేకలేస్తే భయమేసింది."

"భయమేసి ముసలాయన మీదికి తోసినావు. సిగ్గుండాలి!"

శివన్న తెచ్చిన రెండు బిళ్ళల్లో ఒకదాని మీద కరియమ్మ పేరుంది. బంపరుకు కొట్టుకొని, నడిమి రంధ్రం చుట్టూ కొంత తప్ప అంతా గీరుకుపోయింది. హంపయ్య దాన్ని పంచె కొంగుతో మెల్లగా తుడిచాడు. ఆ ఇంట్లో ఇంతవరకు ప్లగ్గు ఎరగని ప్లేయరును శివన్న అట్టపెట్టెలోంచి బయటికి తీశాడు.

మొదటి పాట వచ్చింది. నిండుగా, ఎక్కడా ఆగకుండా వచ్చింది. హంపయ్య ప్లేయరు పక్కనే నేలమీద కూర్చున్నాడు, కళ్ళనుంచి ధారగా నీళ్ళు. రెండో పాట నత్తి కొట్టింది. ఆ తర్వాత ఎన్నిసార్లు నొక్కినా గరగరే తప్ప మనిషి గొంతు లేదు.

"బలే పాడింది గదప్పా!" గురునాథ్ నోరు తెరిచాడు. "ఇంత మంచి పాట మనింట్లోనే ఉండెనా?"

"రెండేండ్లుండె," అంది పంకజాక్షి.

హంపయ్య లేచి సీడీ తీసి, ఫోటో ఉన్న డబ్బాలో పెట్టి చొక్కాలో దోపుకున్నాడు. "ఏడు పాటలు లారీకి కట్టి చంపితిరి. ఈ ఒక్కటీ మీకియ్యను."

గురునాథ్ డబ్బా కోసం చెయ్యి చాచి, టీచరమ్మ చూపు పడగానే వెనక్కి తీసుకున్నాడు. హంపయ్య గుమ్మం దాటి రోడ్డెక్కాడు.