గేర్ బాక్సు లేకుండా వెళ్ళిపోయిన లారీ

"నా లారీ వెళ్ళిపోయిందండీ," అంది ఆమె గుమ్మంలోనే నిలబడి. "గేర్ బాక్సు లేకుండా వెళ్ళిపోయింది."

టైపిస్టు చేతిలో పెన్సిలు ఆగిపోయింది. దర్జీ కొట్టు మీద ఉన్న ఆ రెండు గదుల ఆఫీసులో ఆమె చేరి మూడేళ్ళయింది. తప్పిపోయిన పిల్లులూ, తప్పించుకు తిరిగే అల్లుళ్ళూ తప్ప ఈమధ్య చెప్పుకోదగ్గ కేసు ఒక్కటీ రాలేదు. ఇది ఆ బాపతు కాదని ఆమెకు కూర్చున్నచోటే అర్థమైపోయింది.

వీధి వీధంతా భూతద్దం గారని పిలిచే ఆమె యజమాని దగ్గర నిజానికి భూతద్దం లేదు. దారం కట్టిన కళ్ళజోడు ఒకటుంది, అదీ ఎప్పుడూ నుదుటి మీదే. సైకిలు తొక్కడం కూడా రాని ఆ మనిషిని మించిన డిటెక్టివ్ భూమ్మీద లేడని టైపిస్టు నమ్మకం.

"ముందు కూర్చోమ్మా," అన్నాడాయన. "గేర్ బాక్సు అంటే ఏమిటో మాకు తెలియదు. చంటిపిల్లలకి చెప్పినట్టు చెప్పు."

ఆమె కూర్చుంది. నలభై ఏళ్ళుంటాయి, అరచేతుల్లో కాయలున్నాయి. లారీ ఆమెదే, తోలేదీ ఆమే. "ఇంజిను వంటవాడు, చక్రాలు తినేవాళ్ళు అనుకోండి. మధ్యలో వడ్డించేవాడు గేర్ బాక్సు. వాడికీ వంటవాడికీ పొత్తు కలిపేది క్లచ్. ఈ రెండూ లేకపోతే ఇంజిను ఎంత మొత్తుకున్నా చక్రం కదలదు. మా పెద్దకోడలికి క్లచ్ పాడైపోయింది, అది మార్చాలంటే గేర్ బాక్సు దించాలని షెడ్డులో పెట్టాను."

"పెద్దకోడలికా?"

"లారీ పేరండీ. మా నాన్న పెట్టాడు. ఎంత తిన్నా సణుగుతుంది, కానీ ఇల్లు నడిచేది దానివల్లే."

సంగతి ఇదీ. షెడ్డు మేస్త్రి నడుం పట్టేసి రెండు రోజులు ఇంట్లో మంచం మీద ఉన్నాడు. అతని దగ్గర పనిచేసే ఈమె తమ్ముడు నిన్న పొద్దున్న పది గంటలకల్లా గేర్ బాక్సు దించేశాడు. పదకొండింటికి ఈమె వెళ్ళి, నేల మీద గోనెపట్టా మీద దాన్ని చూసి వచ్చింది. ఒంటిగంటకు తమ్ముడు గేటుకి తాళం వేసి భోజనానికి వెళ్ళాడు. రెండింటికి తిరిగొచ్చేసరికి గేర్ బాక్సు ఉంది, లారీ లేదు.

"పాత ఇనుము ఆసామి క్రేను తెచ్చి ఈడ్చుకుపోయాడనీ, రెండో తాళంచెవి ఉన్న మేస్త్రి బాబాయే గేటు తీశాడనీ ఇన్‌స్పెక్టరు గారి అనుమానం. సాయంత్రం అయిదింటికి బాబాయిని తీసుకుపోతామన్నారు. లారీ పోతే పోయింది, ఇంకోటి తోలుకుంటాను. నన్ను ఎత్తుకు పెంచిన మనిషండీ ఆయన. చేతికి బేడీలు వేస్తే ఆ రాత్రే ప్రాణం వదిలేస్తాడు."

"ఎవరూ ఏమీ చూడలేదా?"

ఆమె తటపటాయించింది. "చూడలేదు. విన్నానంటాడు మా నాన్న. చూపు పోయి ఆరేళ్ళయింది. మలుపులో అరుగు మీద కూర్చుంటాడు. పెద్దకోడలు దానంతట అది వెళ్ళింది, మలుపు తిరిగాక మూడో గేరు పడింది అని ఒకటే పాట. లేని గేర్ బాక్సుకి మూడో గేరేమిటండీ? నాన్నకి మతి తప్పిందక్కా అని తమ్ముడు నిన్నటినుంచి కుమిలిపోతున్నాడు."

భూతద్దం గారు కళ్ళజోడు నుదుటి మీద నుంచి ముక్కు మీదికి దించాడు. అది దిగిందంటే పని మొదలైనట్టే. టైపిస్టు నోటు పుస్తకం చంకన పెట్టి, ఆయనకంటే ముందే మెట్లు దిగింది.

షెడ్డు చిన్నది, కిరసనాయిలు వాసన కొడుతోంది. మేస్త్రి నడుముకి తువ్వాలు బిగించుకుని టైరు మీద తల వంచుకుని కూర్చున్నాడు. తమ్ముడే అన్నీ చూపించాడు. పాతికేళ్ళ కుర్రవాడు, అడిగిన దానికల్లా మర్యాదగా జవాబు చెప్పాడు.

"గొలుసు కప్పీ వేసి నేనొక్కడినే దించాను సార్. లారీ తాళం దానికే వదిలేశాను. గేర్ బాక్సు లేని బండిని ఎవడు తీసుకుపోతాడులే అనుకున్నాను."

"కొత్త సామాను వచ్చిందా?"

"వచ్చింది సార్, బీరువాలో ఉంది." అతను బీరువా తెరిచి క్లచ్ ప్లేటు ఉన్న పెట్టె చూపించి మళ్ళీ తాళం వేశాడు. తాళం ఒకసారి లాగాడు. నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి మళ్ళీ లాగాడు.

భూతద్దం గారు మాత్రం ఖాళీ జాగా వైపు చూడనైనా చూడలేదు. గేర్ బాక్సు ముందు గొంతుక్కూర్చున్నాడు. "అమ్మాయ్, ఈ ముందుకి పొడుచుకొచ్చిన కడ్డీ ఏమిటో అడుగు."

"షాఫ్టు," అన్నాడు మేస్త్రి మొదటిసారి నోరు తెరిచి, తల ఎత్తకుండానే. "దాని పళ్ళ మీదికే క్లచ్ ప్లేటు ఎక్కుతుంది."

"పళ్ళు ఎన్నున్నాయో లెక్కపెట్టి రాసుకో, అమ్మాయ్."

ఆమె లెక్కపెట్టింది. పద్నాలుగు. రెండోసారి లెక్కపెట్టబోతే వేలికి దుమ్ము పట్టిన సాలెగూడు చుట్టుకుంది. గేర్ బాక్సు మూతిలో ఒక సాలీడు సంసారం పెట్టింది. దాని కొంప కూల్చినందుకు కాస్త నొచ్చుకుని, చేయి తుడుచుకుని, 'పద్నాలుగు, సాలీడు ఒకటి' అని రాసుకుంది.

బయట సందులో ఆయన అడుగులు వేసుకుంటూ నడిచాడు. గేటు నుంచి మలుపు దాకా పన్నెండడుగులు. ఆ పైన సందు గోడకు కొట్టుకున్నట్టు పక్కకు తిరుగుతుంది. అదీ రాసుకోమన్నాడు.

పాత ఇనుము ఆసామి వాళ్ళను చూడగానే చిందులు తొక్కాడు. "క్రేనున్న ప్రతివాడూ దొంగేనా? ఆ లారీ అమ్మమని అడిగాను, నిజమే. అడిగితే నేరమా?" అతని కొట్టులో విప్పేసిన బండ్ల భాగాలు వరసగా పేర్చి ఉన్నాయి. ఆ వరసలో ఒకచోట మనిషి పట్టేంత ఖాళీ ఉంది, కింద దుమ్ములో చతురస్రంగా నల్లటి గుర్తుంది.

"ఇక్కడేముండేది?"

"చచ్చిన గేర్ బాక్సు. బేరింగులకోసం అడిగితే రెండు రోజుల కిందట ఇచ్చేశాను. ఏం, అదీ దొంగతనమేనా?"

ఆఖరున మలుపులో అరుగు. తాతగారు వేపపుల్లలా సన్నగా, నిటారుగా కూర్చుని ఉన్నాడు. భూతద్దం గారు ఆయన పక్కనే చతికిలబడ్డాడు.

"నాకు మతి పోలేదు బాబూ," అన్నాడు తాతగారు. "ముప్ఫై ఏళ్ళు దాని మీదే తిన్నాను, పడుకున్నాను. మూడో గేరులో అది ఊళ పెడుతుంది. నిన్నా పెట్టింది. పైగా తోలినవాడు క్లచ్ తొక్కకుండానే వేశాడు. ఇంజిను గొంతు విని, సరిగ్గా కలిసిన క్షణంలో గేరు జార్చాడు. ఒక్కసారి యాక్సిలరేటరు నొక్కితే చాలు, వాడు రెండుసార్లు నొక్కి మరీ..." అని టక్కున ఆగిపోయాడు.

"అలా వెయ్యడం ఎందరికి వచ్చు?"

"నాకు. నేను నేర్పిన మా అమ్మాయికి."

"ఇంకెవరికీ నేర్పలేదా?"

"ఎండ ఎక్కువైంది. లోపలికి పోవాలి," అన్నాడు తాతగారు. అరుగు మీద చల్లటి నీడ ఉంది.

వెనక్కి నడుస్తుంటే టైపిస్టు ఉండబట్టలేక ఆయన పక్కకు వచ్చింది. "సార్, అయితే ఆవిడే తన లారీ తాను..."

"ఆవిడ దొంగయితే మన దగ్గరికెందుకొస్తుంది? నీ పుస్తకంలోనే ఉంది జవాబు. నాలుగున్నరకి అందరినీ షెడ్డుకి రమ్మను. తాతగారిని కుర్చీతో సహా మోయించు."

నాలుగున్నరకి అందరూ వచ్చారు. ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. భూతద్దం గారు గేర్ బాక్సు పక్కన నిలబడి, పెళ్ళిపెద్దలా అందరినీ ఒకసారి కలయజూశాడు. ఈ క్షణం కోసమే తను ఈ ఉద్యోగం చేస్తున్నట్టు టైపిస్టుకు అనిపించింది.

"క్రేను సంగతి ముందు తేల్చేద్దాం. గేటు నుంచి మలుపుకి పన్నెండడుగులు. క్రేనూ, దాని వెనక లారీ కలిసి ఆ మలుపు తిరగాలంటే గోడ కూలాలి. గోడ మీద గీత కూడా లేదు. కాబట్టి లారీ తనంతట తానే వెళ్ళింది."

"గేర్ బాక్సు లేకుండానా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"అందరూ లేని లారీని చూస్తూ కూర్చున్నారు. ఉన్న గేర్ బాక్సుని ఎవరూ చూడలేదు. నిన్న పొద్దున్న దించిన దాంట్లో సాలీడు ఎప్పుడు కాపురం పెట్టిందండీ? దుమ్ము పట్టిన గూటికి ఒక్కరోజులో గృహప్రవేశమా? మేస్త్రీ, బీరువాలో కొత్త ప్లేటు పట్రా. పెద్దకోడలికి సరిపోయేదేనా అది?"

మేస్త్రి నడుం పట్టుకుని లేచాడు. ప్లేటుతో పాటు జానెడు షాఫ్టు ముక్క కూడా తెచ్చాడు. "దీన్ని పెద్దకోడలి పాత షాఫ్టులోంచే కోశాను. ప్లేటు బిగించేటప్పుడు మధ్యలో నిలపడానికి పెట్టుకుంటాను. మూడుసార్లు దీంతోనే బిగించాను." ముక్కను ప్లేటులోకి తోశాడు. మెత్తగా దిగిపోయింది.

"లెక్కపెట్టు, అమ్మాయ్."

"పది," అంది టైపిస్టు.

"ఇప్పుడు ప్లేటుని ఈ గేర్ బాక్సుకి ఎక్కించు."

మేస్త్రి ఎక్కించబోయాడు. తిప్పాడు, నొక్కాడు, మళ్ళీ తిప్పాడు. పద్నాలుగు పళ్ళ షాఫ్టు పది పళ్ళ ప్లేటులోకి ఎలా పోతుంది? వంగి చూసిన మేస్త్రి ముఖంలోకి రెండు రోజుల తర్వాత రక్తం వచ్చింది. "ఇది పెద్దకోడలిది కాదు," అన్నాడు. "దాని గేర్ బాక్సు దాని కడుపులోనే ఉంది."

"ఆసామీ, నీ చచ్చిన గేర్ బాక్సుని పట్టుకెళ్ళిందెవరు?"

"ఇదిగో, ఈ షెడ్డు కుర్రాడే," అన్నాడు ఆసామి.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికి బహుశా పళ్ళు లెక్కపెట్టే టైపిస్టు ఉండి ఉండదు. అందరి కళ్ళూ తమ్ముడి మీదికి తిరిగాయి. అతను తప్పించుకోవడానికి చూడలేదు. చేతిలో ఉన్న పానాను బల్ల మీద పెట్టి, అది సరిగ్గా ఉందో లేదో ఇంకోసారి సర్దాడు.

"తాళం రెండుసార్లు లాగే మనిషి యాక్సిలరేటరు కూడా రెండుసార్లు నొక్కుతాడు," అన్నాడు భూతద్దం గారు మెల్లగా. "మీ నాన్న నీకూ నేర్పాడు, కదూ?"

అక్క తమ్ముడి ముందుకు వచ్చి నిలబడింది. "ఎందుకురా?"

"కొండ ఎక్కుతుంటే క్లచ్ జారింది చూడు, పోయిన నెల," అన్నాడు తమ్ముడు. "లారీ వెనక్కి దొర్లుతుంటే నేను దూకేశానక్కా. నువ్వు దూకలేదు. స్టీరింగు పట్టుకుని గట్టుకి ఆనించావు. అప్పట్నించీ నువ్వు బండి తీసిన ప్రతిసారీ నువ్వు లోయలో ఉన్నట్టే ఉంటోంది నాకు. అది లేకుండా పోతే నువ్వు బతికుంటావనుకున్నాను. బాబాయి మీదికి వస్తుందని తెలియదు. వచ్చాక చెప్పడానికి నోరు రాలేదు."

"కొత్త క్లచ్ వేస్తే జారదు కదరా."

"క్లచ్ జారదు. నేను దూకానుగా, అది మారుతుందా?"

అక్క కళ్ళు తుడుచుకుని ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది. "ఇంటి బండి ఇంటివాడే తోలాడండి. నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను."

"బండి కళ్ళతో చూస్తే తప్ప కాగితం చింపను," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "అయిదుకి ఇంకా పావుగంట ఉంది."

లారీ మూతపడ్డ ఇటుకల బట్టీలో ఉందట. అక్కాతమ్ముళ్ళు ఇద్దరూ ఇన్‌స్పెక్టరు జీపెక్కి పరుగు తీశారు. మిగిలినవాళ్ళు గేటు దగ్గర నిలబడ్డారు. టైపిస్టు నోటు పుస్తకాన్ని గుండెకు హత్తుకుని గడియారం ముల్లు వంకే చూస్తోంది.

తాతగారు చెయ్యి చాచి గాలిలో మేస్త్రి భుజం వెతుక్కున్నాడు. "ఎవరు తోలారో నిన్ననే తెలుసు నాకు. నీకు బేడీలు వేస్తారని తెలిసీ వాడి పేరు చెప్పలేకపోయాను."

"నీకు కళ్ళే పోయాయనుకున్నాను," అన్నాడు మేస్త్రి. "నోరు కూడా పోయిందన్నమాట." కానీ ఆ చేతిని తోసెయ్యలేదు.

అయిదుకి రెండు నిమిషాలు ఉందనగా తాతగారు తల పక్కకు వంచాడు. కాసేపటికి గాని మిగతావాళ్ళకు వినబడలేదు. దూరాన పెద్దకోడలు సణుగుతూ వస్తోంది. ఊళ పెడుతున్న మూడో గేరు మలుపు దగ్గర ఆగింది. ఇంజిను ఒకసారి గుర్రుమంది, ఆగి, రెండోసారి గుర్రుమంది, రెండో గేరు మెత్తగా పడింది.

"అక్క పక్కన కూర్చుంది," అన్నాడు తాతగారు వీధి వీధంతటికీ వినబడేలా. "తోలేది నా కొడుకు."