ఎనిమిదో ఇల్లు

నీళ్ళలో నిలబడి ఆ పిల్ల లేని తలుపు తట్టింది.

బడి కిటికీకి ఎదురుగా కూర్చొని వల కుడుతున్న మస్తాన్ చేయి ఆగిపోయింది.

మధ్యాహ్నం రెండు దాటింది. సముద్రం మీద మబ్బు దిగి, ఎండా కాదు, వానా కాదు, బూడిద రంగు వెలుతురు. ఆ వెలుతురులో మూడో తరగతి పిల్లలు పన్నెండు మంది పాళెం వీధిలోంచి వరసగా వచ్చారు. ఆఖరి ఇల్లు దాటారు. ఆగలేదు. అలల్లోకి దిగారు. ముందున్న వనజాక్షి చీలమండ లోతు నీళ్ళలో గాలిని మూడుసార్లు తట్టి, మోకాలెత్తి దేన్నో దాటి, తల వంచింది.

"ఏడెనిమిదులు యాభై ఆరు!" అని అరిచింది లోపల్నించి.

లోపల్నించి! మస్తాన్‌కు ఒళ్ళు జలదరించింది. ఒకప్పుడు అక్కడ ఇల్లుండేది. వాళ్ళదే. పద్దెనిమిదేళ్ళ కింద తుఫానుకు గోడలతో సహా పోయింది. వలలు తెస్తానని మళ్ళీ లోపలికి వెళ్ళిన వాళ్ళ నాయన చెంగయ్యా పోయాడు.

"ఏంది టీచరమ్మా ఇది? పిలకాయల్ని నీళ్ళలోకి తోల్తా ఉండారే!"

కరుణాకుమారి చెప్పులు చేత్తో పట్టుకొని పరిగెత్తుకొచ్చింది. వెంకటాచలం ఊరి అమ్మాయి. పాళెం బడికి వచ్చి నెలే అయింది.

"నేను ఏడో ఇంటి దగ్గర ఆగమన్నానండీ."

"ఏడో ఇంట్లో ఏముంది?"

"ఏడేడులు నలభై తొమ్మిది." ఆయాసంలోనూ నవ్వింది. "ఎక్కాన్ని వీధంతా పరిచాను, ఇంటికొకటి. ఉత్త అంకెలంటే బ్రెయిన్‌కు విసుగు. దారి చూపిస్తే మాత్రం మర్చిపోదు. మీరు వల ముడి పుస్తకంలో బట్టీపట్టారా ఏంటి?"

మస్తాన్ తన వేళ్ళకేసి చూసుకున్నాడు.

"వీధిలో ఏడిళ్ళే ఉన్నాయి. మిగతా మూడూ బోర్డు మీద చెబుదామనుకున్నా. వాళ్ళే ముందుకు పోయారు." ఆమె గొంతు తగ్గింది. "అక్కడ ఇళ్ళుండేవా?"

"ఉండేవి."

"ఎవరు చెప్పారు వాళ్ళకి? మీరేనా?"

"నేను పిలకాయలతో మాట్లాడంగా యాడన్నా చూసినారా?"

"మీరు అసలు ఎవరితోనైనా మాట్లాడగా చూడలేదు లెండి."

పాళెంలో ఇప్పటికీ 'చెంగయ్య ఇంటికాడ పడవ దించినాం' అనే అంటారు. ఆ ఇంటి సంగతి పిల్లలకు తెలిసుండచ్చు. కానీ గడప ఎక్కడో, చూరు ఎంత ఎత్తో ఎట్లా తెలిసింది? వాళ్ళలో ఒక్కరూ అప్పటికి పుట్టలేదు.

సాయంత్రానికి మాట ఇల్లిల్లూ తిరిగింది. పోయినోళ్ళ తలుపులు తట్టిస్తా ఉందంట టీచరు! హెడ్మాస్టరు హెబ్రోను గారు శనివారం మీటింగు పెట్టారు. ఆ ఇంటివాడు మస్తాన్. అతను వద్దంటే ఆమెను వెనక్కి పంపించేస్తారు.

రెండు రోజులు మస్తాన్ అదే చోట కూర్చొని చూశాడు. ఎవరూ చెప్పకపోయినా పిల్లలు ఆటల్లో కూడా అక్కడికొస్తే కాలెత్తుతున్నారు, తల వంచుతున్నారు. అతని తల్లి పేరమ్మ చేపలు ఎండేస్తూ అటు చూసేది. వెంటనే మొహం తిప్పుకునేది.

శుక్రవారం అమావాస్య. సముద్రం ఎన్నడూ లేనంత వెనక్కి పోయింది. బడి వదిలాక కరుణ సరాసరి అతని దగ్గరికి వచ్చింది.

"ఒకసారి అలల అంచున ఉన్న మీ పడవ దగ్గరికి నడవండి."

"ఎందుకు?"

"నడవండి, చెప్తాను."

నడిచాడు. తడి ఇసుక మొదలైనచోట అతని కుడికాలు దానంతటదే లేచింది. తల వంగింది.

కరుణ నవ్వబోయి ఆగిపోయింది. "దేనికి వంచారు తల?"

మస్తాన్ పైకి చూశాడు. మబ్బు తప్ప ఏమీ లేదు. మెడ వెనక చల్లగా అయింది.

"చూరు," అన్నాడు మెల్లగా. "చిన్నప్పుడు తగిలేది. 'తల వంచరా' అని మాయమ్మ రోజూ అరిచేది."

"రోజూ పడవకు పోతూ ఇక్కడ ఇంకా వంచుతూనే ఉన్నారు. పిల్లలు నడక నేర్చినప్పట్నించీ చూస్తున్నది మిమ్మల్నే. ఆ ఇంటిని నేర్పింది మీరు. నోటితో కాదు."

ఇల్లు పోయిన సంగతి అతని మెడకు ఎవరూ చెప్పలేదు.

"రేపు మీటింగులో ఈ మాట చెప్తారా?"

"చెప్తా. ఇంకోటి కూడా చెప్పాల."

"మీటింగులోనా?"

"మీకు." ఇసుకకేసి చూస్తూ అన్నాడు. "నెల్రోజులుగా కుడతా ఉండానే, ఆ వల్లో చిరుగు లేదు టీచరమ్మా."

"తెలుసు," అంది కరుణ. "కుట్టిందే కుడుతున్నారు. జల్లు కొడుతున్నా మీవైపున్న బడి కిటికీ నేనెందుకు మూయలేదనుకున్నారు?"

అప్పుడొక అల లాగింది. ఇసుక జారింది. అతను కాలెత్తి దాటినచోటే, బెత్తెడు కూడా అటూ ఇటూ కాకుండా, నల్లటి గడప రాయి బయటపడింది. నడుమ అరిగిన గుంట. అందులో కొంచెం నీళ్ళు, ఎవరో ఇప్పుడే కాళ్ళు కడుక్కొని లోపలికి పోయినట్టు.

వెనక ఇసుకలో చప్పుడైంది. పేరమ్మ. చేతిలో చేపల తట్ట అట్లాగే ఉంది. రాయిని చాలాసేపు చూసింది. తర్వాత కొడుకును, కరుణను.

"రేపు మీటింగులో నేను మాట్లాడతా. ఇంటిదాన్ని నేను గదా. కోడల్ని తెచ్చుకునేది గూడా నేనే," అంది.

"పెద్దమ్మా, మేం చర్చికి పోయేవాళ్ళం..." కరుణ ఒక అడుగు వెనక్కి వేసింది.

"కొంప ముంచేటప్పుడు ఈ సముద్రం అడిగిందా, ఏ దేవుడికి మొక్కే ఇల్లని?" తట్ట దించి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "నీళ్ళు మళ్ళీ వస్తాయి, బిన్నా రా, నిలబడబాక. కుడికాలు ముందు పెట్టు."

మస్తాన్ గడప దాటి చేయి చాచాడు. కరుణ ఆ చేయి పట్టుకొని కుడికాలు ఎత్తింది.

దాటేటప్పుడు తల వంచింది. వంచమని ఎవరూ చెప్పలేదు.